తడి గోనెపట్టాలు

గిద్దలూరు,
ఫిబ్రవరి 9.

ప్రియమైన బావకు ఇమ్మానుయేలు వందనాలు.

దేవుని దయవల్ల ఇక్కడ నేనూ స్టెల్లా కులాసా. అక్కకు సోమవారం, గురువారం డయాలసిస్ తప్పకుండా జరుగుతున్నదని ఫోనులో చెప్పింది. నీతో మాట్లాడాలంటే ఫోను పనికిరాదు గనక కాగితం తీసినాను. మార్కాపురం గనుల్లో రాయి పేల్చే తూటాల మోత నీ చెవులు తీసుకుపోయినా, రాత్రిబడిలో నేర్చిన నాలుగు అక్షరాలు నీకు మిగిలినాయి. అదే మన అదృష్టం.

సంగతి ఏమంటే, కరెంటు కారు కంపెనీ నుంచి నా ఫోనుకు మెసేజీ వచ్చింది. బండి ఇంకా నా పేరునే ఉంది కదా. దోర్నాల నుంచి శ్రీశైలం యాత్రికులను తిప్పుదామని నేను కొని, ఘాటు ఎక్కేసరికి ఛార్జి దిగిపోతున్నదని నీకు అమ్మిన రోజున, పేరు మార్పిద్దాం బావా అన్నాను. "బావా బామ్మర్ది మధ్య కాగితమేందిరా?" అని నవ్వినావు. అందుకే నీకు రావలసిన మాట నాకు వచ్చింది.

ఇంగ్లీషులో ఉంటే పిల్లల చేత చదివించుకున్నాను. మన బండి తయారైన విడతలో బ్యాటరీలకు లోపం ఉందంట. ఛార్జింగు పెట్టినప్పుడు లోపల వేడెక్కి అంటుకోవచ్చంట. కొత్త బ్యాటరీ వేసేదాకా ముప్పావు వంతుకు మించి ఎక్కించకూడదు. ఇంటికి దూరంగా ఆరుబయట పెట్టాలి. ఎక్కుతున్నంతసేపూ కనిపెట్టుకుని ఉండాలి.

నువ్వు బండి కొట్టాన్ని ఇంటి గోడకు ఆనించి కట్టినావు. ఆ గోడకు అవతల అక్క మంచం. బండిని కళ్లం వైపు పెట్టు బావా. నా మాట విను.

నీ బామ్మర్ది,
ఇమ్మానుయేలు

హనుమంతునిపాడు,
ఫిబ్రవరి 17.

ఇమ్మానుయేలుకు నిత్యానందం రాసేది.

నీ ఉత్తరం అందింది. బస్సులో టిక్కెట్లు కొట్టి రిటైరైనోడివి, నీకు బ్యాటరీ సంగతి ఏం తెలుసు? నాకూ తెలియదనుకో. కానీ వేడి సంగతి నాకు తెలుసు.

బండిని కళ్లంలో పెట్టమంటావు. మా ఊరి ఎండ నువ్వు మరిచినట్టున్నావు. ఫిబ్రవరిలోనే రేకు ముట్టుకుంటే చెయ్యి కాలతాంది. వేడెక్కితే అంటుకుంటది అని నువ్వే రాసినావు, మళ్లీ ఎండలో పెట్టమని నువ్వే రాసినావు. ఏది నిజం? నా కొట్టం మీద మార్కాపురం నుంచి లారీలో తెచ్చిన పలకరాళ్లు పరిచినా. కింద నీడ చల్లగా ఉంటది. బండికి అంతకంటే మంచి చోటు ఈ మండలంలో లేదు.

అయినా నీ మాట కూడా తీసెయ్యలేదు. గనిలో కంప్రెషరు వేడెక్కితే మేం ఏం చేసేవాళ్లం? గోనెపట్టాలు నీళ్లలో ముంచి కప్పేవాళ్లం. అట్లనే ఎన్నో ఏండ్లు నడిచినాయి మిషన్లు. ఛార్జింగు పెట్టినప్పుడల్లా ఈ బండికీ అదే చేస్తన్నా. ముందు రేకు మీద, అడుగున, చక్రాల మధ్యన తడి పట్టాలు. మధ్యాహ్నం చూస్తే వాటి మీద నుంచి తెల్లగా ఆవిరి లేస్తాంటది. లోపలి వేడంతా అట్ల లాగేస్తాంది. మీ అక్క కూడా చూసింది.

ముప్పావు వంతు అంటావు. ఒంగోలు పెద్దాసుపత్రికి పోయి రావాలంటే నిండా ఎక్కించాల్సిందే. కనిగిరిలో రక్తం కడిగే మిషను ఖాళీ లేదు, పేరు రాయించి ఎన్నాళ్లో అయింది. ముప్పావుతో పోతే తిరుగుదోవలో పొదిలి దాటినాక చీకట్లో ఆగిపోతాం. అప్పుడు మీ అక్కను భుజాన వేసుకుని నడవనా?

ఈ బండికి శబ్దం లేదని ఊళ్లో అందరూ వింత పడతారు. నాకు ఏ బండికీ శబ్దం లేదు. నాకేం వింత.

నిత్యానందం

గిద్దలూరు,
మార్చి 3.

బావకు వందనాలు.

నీ ఉత్తరం చదివి స్టెల్లా నవ్వింది, నాకు నవ్వు రాలేదు. కంపెనీ వాళ్లకు ఫోను చేసి గోనెపట్టాల సంగతి అడిగినాను. ఆ అమ్మాయికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక "వద్దు సార్, అసలు వద్దు, ఏమీ కప్పొద్దు" అన్నది. వేడి పుట్టేది పెట్టె లోపల అంట. బయట నీళ్లు పోస్తే లోపలికి అందదంట. పొగ గాని వాసన గాని వస్తే దగ్గరికి పోకుండా పారిపోవాలంట. పట్టాలు కప్పితే పొగ ఎట్ల కనపడుద్ది బావా?

ఒక మాట చెప్తాను, కోపం తెచ్చుకోవద్దు. కొత్త బ్యాటరీ వచ్చేదాకా అక్కను బస్సులో తీసుకుపో. కనిగిరిలో మారితే చాలు. ఆ రూట్లో పనిచేసే పిల్లలు నాకు తెలుసు. ముందు సీటు ఆపి ఉంచుతారు. ఆసుపత్రి గేటు ముందే దింపుతారు. నేను చెప్పిపెడతాను.

ఇమ్మానుయేలు

హనుమంతునిపాడు,
మార్చి 12.

ఒరే ఇమ్మానుయేలూ,

బస్సు మాట నా దగ్గర ఎత్తొద్దు.

నీకు తెలియదు గనక చెప్తన్నా. ఈ బండి కొనకముందు మీ అక్కను బస్సులోనే తీసుకుపోయేవాణ్ణి. ఒకనాడు తిరిగొస్తాంటే ఆమెకు కడుపులో తిప్పింది. సీటు మీద, పక్కనున్న ఆమె చీర మీద కక్కుకుంది. ఆ ఆడమనిషి ఏమన్నదో నాకు వినపడలేదు. మొహం చూసినా. ముక్కు మూసుకుంది. మీ అక్క కొంగుతో సీటు తుడవబోయింది. రోగిష్టి మనిషి, వంగి, అందరి కాళ్ల మధ్యన. నేను ఊరుకుంటానా? పొదిలి దగ్గర బస్సు ఆపించి ఆమెను దింపినా. కండక్టరు పోవద్దన్నట్టు చెయ్యి పట్టుకున్నాడు, విదిలించుకున్నా. చింతచెట్టు కింద పొద్దుగూకేదాకా కూచుని, ఆటో మాట్లాడుకుని వచ్చినాం. ఆ దోవంతా మీ అక్క నా మొహం చూడలేదు.

ఆ రోజే అనుకున్నా. మార్తమ్మ మళ్లీ ఒకడి ముందు వంగి తుడవకూడదు. రోడ్డు పక్క చేను అమ్మింది అందుకే. బండి కొన్నది అందుకే. వెనక సీటు మీద దుప్పటి పరిచి పడుకోబెడతా. ఆమె కక్కుకుంటే నా బండిలో కక్కుకుంటది. ఎవుడు అడిగేది?

ఇంకా బస్సు అంటావా?

నిత్యానందం

గిద్దలూరు,
మే 6.

బావకు వందనాలు.

నువ్వు రాసింది చదివినాక చాలా రోజులు కలం పట్టలేకపోయాను. ఆ సంగతి అక్క నాకు ఎప్పుడూ చెప్పలేదు.

అయినా రాయక తప్పడం లేదు. కంపెనీ నుంచి మళ్లీ మెసేజీ వచ్చింది. కొత్త బ్యాటరీలు ఇప్పట్లో రావంట. అందుకని ఆ విడత బండ్లన్నీ వాళ్లే వెనక్కి కొంటారంట. లారీ పంపించి ఎత్తుకుపోతారు. డబ్బు బండి ఎవరి పేరున ఉంటే వాళ్ల ఖాతాలో పడుద్ది. అంటే నా ఖాతాలో. పడిన రోజే తెచ్చి నీ చేతిలో పెడతాను. వేరే బండి, పెట్రోలుదో డీజిలుదో, పాతదైనా చూసి కొందాం. మధ్యలో కొన్ని వారాలు మాత్రం ఇబ్బంది.

నేను ఒప్పుకుని సంతకం పెట్టేసినాను. వచ్చే బుధవారం లారీ వస్తది. తాళం చెవి ఇచ్చి పంపించు. నీకు దణ్ణం పెడతాను బావా.

ఇమ్మానుయేలు

హనుమంతునిపాడు,
మే 15.

బండి ఓనరు గారైన ఇమ్మానుయేలు గారికి,

తమరు పంపిన లారీ వచ్చింది. వచ్చినట్టే పోయింది.

నన్ను అడక్కుండా సంతకం పెట్టినావు. నా కొట్టంలో ఉన్న బండికి, నా చేను అమ్మి కొన్న బండికి. డ్రైవరు కాశయ్య అంట, బేస్తవారిపేట మనిషి. ఎడమ చెవిలో అరిస్తే నాకు కాస్త వినపడుద్ది గదా, అట్ల అరిచి చెప్పినాడు.

"పెద్దాయనా, ఓనరు ఒప్పుకున్నాడు. బండి ఎక్కించుకుని పోవాలి."

"ఓనరు ఎవుడు?"

ఫోనులో నీ పేరు చూపించినాడు.

"ఆ ఓనరు గిద్దలూరులో ఉంటాడు. ఆడికి పోయి ఎక్కించుకో" అన్నా.

"నాకెందుకు తాతా తగువు? ఇది కాలుద్దంట. మంచికే చెప్తన్నా."

"కాలితే నేను కాలతా. నీ లారీ తియ్యి" అని గునపం తెచ్చి కొట్టం గుంజకు ఆనుకుని కూచున్నా. చుట్టుపక్కల ఆడోళ్లు చేరినారు. ఎవరో ఒకడు ఫోనులో ఫొటో తీసినాడు. తీసుకోనీ.

మీ అక్క వాకిట్లోకి వచ్చి, డ్రైవరుకు చెంబుతో మజ్జిగ ఇచ్చింది. ఇద్దరూ ఏందో మాట్లాడుకున్నారు. ఎండన పడి వచ్చినావు నాయనా అని అనుంటది, ఆమె బుద్ధి అది. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. బండి ఇచ్చెయ్యమని అనలేదు. ఆమె నా పక్కనే ఉంది, అది తెలుసుకో.

కొన్ని వారాలు ఇబ్బంది అంట. వారానికి రెండుసార్లు రక్తం కడగకపోతే ఏమవుద్దో డాక్టరు నీకు చెప్పలేదు, నాకు చెప్పినాడు. ఇంకో మాట అడుగుతా, సూటిగా చెప్పు. డబ్బు నీ ఖాతాలో పడుద్దని తెలిసినాకనే కదా నీకు మీ అక్క మీద ఇంత ప్రేమ పుట్టింది?

నిత్యానందం

గిద్దలూరు,
మే 24.

బావకు,

నువ్వు అడిగినదానికి జవాబు రాయను. రాస్తే మనిద్దరికీ మర్యాద కాదు.

ఇక ఆ బండి ఊసు నీ దగ్గర ఎత్తను. అక్కను జాగ్రత్తగా చూసుకో. ఛార్జింగు ఎక్కేటప్పుడు ఆమెను ఆ గదిలో పడుకోనివ్వద్దు. ఇది ఒక్కటి చెయ్యి.

ఇమ్మానుయేలు

హనుమంతునిపాడు,
జూన్ 7, ఆదివారం పొద్దున.

ఇమ్మానుయేలుకు,

నీ ఉత్తరం పొట్టిగా ఉంది. కోపం వచ్చిందని తెలిసింది. నేను అన్నమాట కొంచెం ఎక్కువైంది. అంతకంటే ఎక్కువ రాయడం నాకు రాదు.

మామిడికాయలు ఈసారి బాగా కాసినాయి. మీ అక్క నీకని పచ్చడి పెట్టింది. ఉప్పు తనకు వద్దన్నారు గదా, రుచి చూడమని నా నోట్లో పెడుతుంది, నా మొహం చూసి తెలుసుకుంటది సరిపోయిందో లేదో. జాడీ కట్టి ఉంచింది. నువ్వు రేపు ఈ పక్కకు వస్తావేమో అంటాంది. ఎందుకు వస్తాడు అంటే నవ్వింది. వచ్చేది ఉంటే రా. బండి మాట లేకుండా రా.

రేపు ఒంగోలు పోవాలి గనక పొద్దున్నే ఛార్జింగు పెట్టినా. పట్టాలు తడిపి కప్పినా. నువ్వన్నట్టు ఆమె మంచం వసారాలో వేసినా, చూసినావా, నీ మాట ఒకటి విన్నా. మీ అక్క ఈ ఆదివారం ఆరాధనకు రానంది. నీరసంగా ఉందంట. పెళ్లయినకాడ నుంచి ఆమె లేకుండా నేను మందిరానికి పోవడం ఇదే. ఆమె పక్కనుంటే పాట ఎప్పుడు మొదలైందో మోచేత్తో పొడిచి చెప్పేది. ఇవాళ ముందు వరసలో కూచుని పాస్టరయ్య నోరు చూసి పాడతా.

బండి తాళంచెవి అడిగింది, సీటు మీద దుప్పటి ఉతుకుతానని. ఇచ్చినా. గంట కొట్టినారని చెయ్యి ఊపుతాంది. ఈ ఉత్తరం దాచమని మీ అక్క చేతికిచ్చి పోతా, రేపు ఒంగోలులో డబ్బాలో వేస్తా.

నిత్యానందం

గిద్దలూరు,
జులై 20.

నిత్యానందం గారికి,

అక్క పెట్టెలో చీరల మధ్యన దొరికిందని, మీరు జూన్ ఏడున రాసి డబ్బాలో వెయ్యని ఉత్తరం మీ ఊరి పాస్టరయ్య తెచ్చి ఇచ్చినాడు. చదివినాను. అందుకే రాస్తున్నాను. లేకపోతే రాసేవాణ్ణి కాదు.

సమాధి దగ్గర అందరి ముందూ మీరు నా మీదికి వేలు చూపి "నీ బండి నా పెళ్లాన్ని చంపింది" అన్నారు. నేను నోరు మూసుకుని ఉన్నాను. నలభయ్యో రోజు కూడికలో కూడా మూసుకున్నాను. ఇక మూసుకోను.

లారీ రెండోసారి వచ్చింది. ఆ ఆదివారమే వచ్చింది. నేను పంపినాననుకున్నారు మీరు. రమ్మన్నది అక్క. మీరు గునపం పట్టుకుని కూచున్న రోజున మజ్జిగ చెంబు ఇస్తూ ఆమె కాశయ్యతో అన్న మాట ఇది: "నాయనా, నేను ఫోను చేసిన ఆదివారం ఆరాధన టైముకు రా. ఆయన ఉండడు. నేను ఇస్తాను." మీరు ఎండ మాట అనుకున్నారు.

అంతకుముందు నాకు ఫోను చేసింది. ఎన్నిసార్లు చేసిందో. అప్పుడు మీరు ఎదురుగానే కూచుని అన్నం తింటున్నారు, చుట్ట కాలుస్తున్నారు. మీకు వినపడదు గదా. "తమ్ముడా, ఆ గోడ పక్కన నాకు నిద్ర పట్టడం లేదురా. చెయ్యి పెడితే గోడ వెచ్చగా ఉంటాంది. ఆయనకు చెప్పలేను. నాకోసం చేను అమ్మినాడు. బండి వద్దంటే ఆయన ప్రాణం తీసినట్టే. నువ్వే ఏదో చేసి తీసుకుపో" అన్నది. నేను సంతకం పెట్టింది ఆమె అడిగితే. మీ ఉత్తరంలో డబ్బు మాట చదివిన రోజున కూడా ఆమెకు ఇచ్చిన మాట కోసం మీకు చెప్పలేదు.

సోమవారం నేనే వచ్చి బస్సులో ఒంగోలు తీసుకుపోతానన్నాను. ముందు సీటు చెప్పిపెట్టినాను. పచ్చడి జాడీ అందుకే కట్టింది.

ఆ పొద్దున ఏం జరిగిందో మీరు మందిరంలో ఉండి చూడలేదు. కాశయ్య చూసినాడు. లారీ మలుపు తిరిగేసరికి అక్క కొట్టంలో ఉందంట, ప్లగ్గు పీకేసి, బండి మీది పట్టాలు ఒక్కొక్కటే తీస్తూ. లారీ వాడికి పని తక్కువ ఉంటుందని. పట్టాల కింద నుంచి తెల్లగా లేస్తున్నది చూసి అతను దూరం నుంచే "అమ్మా పొగ, బయటికి రా" అని అరిచినాడు. ఆమె వెనక్కి తిరిగి ఏమన్నదో తెలుసా? "పొగ కాదు నాయనా, ఆవిరి. రోజూ లేస్తది."

ఆ మాట మీరు నేర్పింది.

కంపెనీ వాళ్లు విచారణకు ఒంగోలు వస్తున్నారు. పేరు నాది గనక నన్ను పిలిచినారు. మొదటిసారి లారీని ఎవరు తిప్పి పంపినారని అడుగుతారు. మా పిల్లలు, మాకు ఎవరూ ఏ మెసేజీ పంపలేదని చెప్పమంటున్నారు, అట్ల చెప్తే పరిహారం పెద్దది వస్తదని. నేను ఏమీ చెప్పను. మీరు చెప్పండి, మీకు ఏది తోస్తే అది.

ఇమ్మానుయేలు

ఒంగోలు బస్టాండు,
ఆగస్టు 3, సోమవారం.

మార్తమ్మ తమ్ముడికి,

నువ్వు గారు అని రాసినావు. రాయి. నాకు అదే తగును.

నీ ఉత్తరం వచ్చినాక చాలా రోజులు కొట్టంలోనే కూచున్నా. బండి ఎముకలు అట్లనే ఉన్నాయి. పలకరాళ్లు పగిలి పడినాయి. గోడ మీద చెయ్యి పెట్టి చూసినా, చల్లగా ఉంది. ఆమె వెచ్చగా ఉంటాందని నాకు ఒక్కసారి చెప్పి ఉంటే అని మొదట కోపం వచ్చింది. తర్వాత ఆలోచించినా. చెప్పి ఉంటే నేను ఏం చేసేవాణ్ణి? ఇంకో నాలుగు పట్టాలు తడిపి గోడకు కట్టేవాణ్ణి. నన్ను ఆమెకు తెలుసు.

ఇవాళ కంపెనీ వాళ్ల దగ్గరికి పోయినా. కుర్రోళ్లు, మెళ్లో కార్డులు. ఒకడు నా చెవి దగ్గర అరిచినాడు, "మీకు ముందే తెలుసా?" అని.

"తెలుసు. నా బామ్మర్ది రాసినాడు. నేను చదివినా" అన్నా.

"లారీని ఎవరు ఆపినారు?"

"నేనే. గునపం తీసుకుని."

"పట్టాలు ఎవరు కప్పినారు?"

"నేనే. అయితే పట్టాల కింద మంట పెట్టింది మీ బ్యాటరీ. అది కూడా రాసుకో" అన్నా. రాసుకున్నాడు. పరిహారం వస్తదో రాదో, వస్తే నీ ఖాతాలోనే పడుద్ది. దాన్ని నా దగ్గరికి తేవద్దు.

ఎట్ల వచ్చినా అంటావేమో. బస్సులో వచ్చినా. వేరే దోవ ఏముంది? కనిగిరిలో మారినా. కండక్టరు ఆడపిల్ల. నీ పేరు చెప్తే నవ్వి, నా ఎడమ చెవిలో అరిచి చెప్పింది, నీ దగ్గరే పని నేర్చుకుందంట. నన్ను ముందు వరసలో కూచోబెట్టింది.

పక్క సీటులో ఒక ఆడమనిషి ఉంది. మార్త కంటే చిన్నది. చేతికి అదే గుడ్డ కట్టు, మోచెయ్యి కాడ, రక్తం కడగడానికి సూదులు గుచ్చే చోట, అదే ఉబ్బు. సోమవారం కదా. ఆమె కొడుకు గావాల, పక్కన నిలబడి ఉన్నాడు. దోవలో ఆమెకు కడుపులో తిప్పింది. కక్కుకుంది. కొంచెం నా పంచె మీద కూడా పడింది.

నేను లేవబోయినా, బస్సు ఆపుతారని. ఎవురూ ఆపలేదు. వెనక నుంచి ఒకాయన నీళ్ల సీసా ఇచ్చినాడు. ఒక ముసలమ్మ నిమ్మకాయ ఇచ్చింది. కండక్టరు పిల్ల ఒక బకెట్టులో ఇసుక ఉంటే తెచ్చి పోసింది, పోసి టిక్కెట్లు కొట్టుకుంటూ వెనక్కి పోయింది. కొడుకు కిటికీ తెరిచినాడు. ఆమె తల ఆనించి కళ్లు మూసుకుంది. ఆమె మొహంలో సిగ్గు లేదురా. అలసట ఉంది, అంతే.

పొదిలి వచ్చింది. బస్సు ఆగింది. ఆ చింతచెట్టు అట్లనే ఉంది. దిగేవాళ్లు దిగినారు, ఎక్కేవాళ్లు ఎక్కినారు. కండక్టరు తలుపు వేసింది.

ఆమెను ఎవురూ దింపలేదు.

నిత్యానందం